ఒక చెంబు నీళ్లు



వాలంటీర్లుగా పల్లెలో కాపురముంటే దినము ఎట్లు గడుస్తుందని కొందరు అడిగారు. ముద్దనూరు దగ్గరి ఒక పల్లెలో మేమున్న వేసవి సంగతి చెబుతాము.

తెల్లవారకముందే కుళాయి దగ్గర బిందెల వరుస. ఆ తర్వాత ఆడవారంతా కూలికి పోతారు. మా మాట వినే తీరిక వారికి రాత్రి సంగటి తిన్నాకనే.

బేదులైన బిడ్డకు ఏమి తాపాలో ఒక రాత్రి చెప్పాము. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో టీ చెంచాతో తలకొట్టి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అందరూ తలలూపారు. మేము తృప్తిగా పండుకున్నాము.

మరునాడు ఒక తల్లి చెంబు తెచ్చి చూపింది. నోట పోసుకుంటే సముద్రమే! ఆ ఇంట చెంచా లేదు, పిడికిటితో ఉప్పు వేసింది. అంత ఉప్పు పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. "ఇంకా తాపలేదక్కా" అన్నది. తాపి ఉంటే ఆ తప్పు ఆమెది కాదు, మాది.

ఆ రాత్రి ఉపన్యాసం మాని, ఎవరి పాత్రలో వారిచేతనే కలిపించాము. ముందు ఉప్పు వేసి రుచి చూడాలి, కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోయాలి. ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరికితే అదే మేలు, అది కూడ సగం సగం కలపరాదు. "నీళ్లు తాపితే బేదులు ఎక్కువైతాయి" అని ఒక అవ్వ వాదించింది. ఆమెను ఒప్పించడానికి వారం పట్టింది.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉంది. ప్రొద్దుటూరు, పులివెందులలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. కండ్లు లోతుకు పోయినా, బిడ్డ తాగలేకపోయినా అక్కడికి పరుగెత్తవలసిందే. బస్సు వచ్చేదాకా బిడ్డను నిలిపేది ఇంటి నీళ్లే.

మేము వచ్చేసేనాటికి ఆ తల్లి తన చెంబుకు లీటరు కాడ మేకుతో గీత గీసుకొన్నది.