బేరమూ సాగాలి, విహారమూ సాగాలి

సెలవు రోజున కాస్త సేదదీరుదామని వచ్చిన కుటుంబం పచ్చికపై కూర్చునేలోగానే బెలూన్లతో ఒకరు, గాజులతో ఒకరు, వేరుశనగల పొట్లాలతో మరొకరు చుట్టుముట్టడం దేశంలోని విహారస్థలాలన్నిటా పరిపాటిగా మారింది. వద్దన్నకొద్దీ వెంటపడటం, పసివాడి చేతికి బొమ్మ అందించి తల్లిదండ్రులను ఇరకాటంలో పెట్టడం, రెట్టింపు ధర చెప్పి బేరానికి దింపడం పర్యాటకులకు తలనొప్పిగా పరిణమిస్తున్న మాట వాస్తవం.

ఉక్కునగరం జంషెడ్‌పూర్‌కు సముద్రతీరం లేకపోయినా ఈ సమస్య తప్పలేదు. ఉక్కు కర్మాగారం స్వర్ణోత్సవాల సందర్భంగా 1958లో నాటి ప్రధాని నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కు ఆ నగరవాసుల ప్రధాన విహారస్థలం. ఏటా మార్చి 3న జంషెట్‌జీ టాటా జయంతికి జరిగే దీపాలంకరణను చూడటానికి జనం పోటెత్తుతారు. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం వలస వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ అదే ఆటవిడుపు. సముద్రం చూడాలని వారు పూరీకి వెళితే, అక్కడ శంఖాలు, ముత్యాల దండలు అమ్మేవారు ఎదురవుతారు. స్థలం మారుతుందే తప్ప అనుభవం మారదు.

ఇంతగా వెంటపడటానికి మూలం చిరువ్యాపారి స్వభావంలో లేదు. అతని అభద్రతలో ఉంది. నిలుచున్న చోటు ఏ క్షణాన ఖాళీ చేయవలసి వస్తుందో తెలియనివాడు, చేతికందిన ప్రతి బేరాన్నీ ఆఖరిదిగానే భావిస్తాడు. స్థిరమైన చోటుంటే కొనుగోలుదారే తన వద్దకు వస్తాడన్న ధీమా కలుగుతుంది. ఆ ధీమా లేనిచోట లాఠీ ఎంత ఝళిపించినా, పొద్దున తరిమిన బుట్ట సాయంత్రానికి మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

వీధి వర్తకం రాజ్యాంగం ప్రసాదించిన వృత్తి స్వేచ్ఛలో భాగమని, దానిపై సహేతుకమైన ఆంక్షలు విధించవచ్చని సోదన్ సింగ్ కేసులో 1989లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే ఫలానా చోటు తనదేనని ఎవరూ శాశ్వతంగా హక్కు కోరజాలరనీ చెప్పింది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం ఈ రెంటినీ సమన్వయపరిచింది. అయిదేళ్లకోసారి సర్వే జరపాలని, గుర్తింపు పత్రాలు ఇవ్వాలని, అమ్మకపు మండలాలు నిర్ణయించాలని నిర్దేశించింది. పట్టణ విక్రయ కమిటీలలో కనీసం 40 శాతం స్థానాలు వర్తకుల ప్రతినిధులకే కేటాయించింది. సర్వే పూర్తికానిదే ఎవరినీ తొలగించరాదనీ శాసించింది. 2020లో కరోనా సంక్షోభం నడుమ వచ్చిన పీఎం స్వనిధి పథకం తొలి విడతగా 10 వేల రూపాయల రుణానికి వీలు కల్పించగా, 2025లో ఆ మొత్తాన్ని 15 వేలకు పెంచారు. పెట్టుబడికి అప్పు ఇచ్చి, అమ్ముకోవడానికి చోటు చూపకపోతే ప్రయోజనమేమిటి?

ప్రణాళికాబద్ధ నగరంగా పేరొందిన జంషెడ్‌పూర్ ఈ విషయంలో ఇతర పట్టణాలకు దారి చూపగలదు. ఉద్యానాల వెలుపల నిర్ణీత స్థలాలు కేటాయించి, ధరల పట్టికలు తప్పనిసరి చేసి, పచ్చికబయళ్లను విశ్రాంతికే వదిలిపెట్టడం అసాధ్యమేమీ కాదు. ఆ ఏర్పాటు చేశాక కూడా హద్దు మీరేవారిపై చర్య తీసుకుంటే ఎవరూ ఆక్షేపించరు.

సందర్శకులకూ బాధ్యత ఉంది. కొనే ఉద్దేశం లేనప్పుడు ధర అడగడం, సగానికి బేరమాడి వెళ్లిపోవడం ఎదుటివారిలో ఆశ రేపి వెంటపడేలా చేస్తాయి. మర్యాదగా, స్థిరంగా ఒక్కసారి వద్దని చెబితే చాలు, ఈసడింపు అనవసరం. ఒకరి విశ్రాంతికీ మరొకరి పొట్టకూటికీ పోటీ పెట్టడం పాలన అనిపించుకోదు. చట్టం కాగితం దిగి పార్కు గేటు దాకా వచ్చిన నాడే ఇద్దరికీ ఊరట లభిస్తుంది.