భాష నేర్పిస్తారు సరే, నమ్మకం మాటేంటి?

అమెరికా సైన్యంలో ఒక ఉద్యోగం ఉంది. తుపాకీ ట్రైనింగ్ అందరితో పాటే ఉంటుంది కానీ అసలు పని మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఎవడో పరాయి దేశం వాడు రేడియోలో ఏం మాట్లాడుతున్నాడో విని, అర్థం చేసుకుని పైవాళ్లకి చెప్పడం. మనవాళ్ల దగ్గర ఈ సంగతి ఎత్తితే వచ్చే మొదటి ప్రశ్న "ఏఐ వచ్చాక ఇంకా మనుషులెందుకు?" అని. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ఏ పని చూసినా ఎలా ఆటోమేట్ చేద్దామా అనే యావే. నాకు మాత్రం ఈ ఉద్యోగంలో ఇప్పటికీ తేలని చిక్కు ఇంకొకటి కనిపిస్తోంది.

ముందు భాష సంగతి. చేరేవాళ్లకి డీల్యాబ్ అనే పరీక్ష పెడతారు. అందులో ఉండేది లోకంలో ఎక్కడా లేని కల్పిత భాష. దాని సూత్రాలు అప్పటికప్పుడు చెప్పి, ఎంత త్వరగా పట్టుకుంటావో చూస్తారు. (మన క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఆప్టిట్యూడ్ పెట్టి తీసుకుని, తర్వాత జావా నేర్పుతారే, అలాగన్నమాట.) పాసైతే కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న డిఫెన్స్ లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపిస్తారు. స్పానిష్‌కి 36 వారాలు, రష్యన్‌కి 48, అరబిక్, చైనీస్, కొరియన్‌లకి 64. రోజంతా క్లాసులు, రాత్రికి హోంవర్కు. ఏ భాష అన్నది చివరికి సైన్యం అవసరమే తేలుస్తుంది. కోర్సు అయ్యాక వినడానికి, చదవడానికి విడివిడిగా పరీక్షలు. పాసయ్యాక కూడా మళ్లీ మళ్లీ రాస్తూ ఉండాలి, మన సర్టిఫికేషన్లు ఎక్స్‌పైర్ అయినట్టే.

వినడానికి అంత ప్రాముఖ్యం ఎందుకంటారా? "వాడు పోయాడు" అన్న మాట తీసుకోండి. వెళ్లాడా, చచ్చాడా? గొంతు వింటే మనకి తెలిసిపోతుంది. "చూద్దాంలే" అంటే కుదరదని అర్థమని మనలో ఎవరికి తెలీదు? సగం మాటలు గాలికి ఎగిరిపోయే రేడియోలో, యాసలో, సంకేతాలతో మాట్లాడేవాడి దగ్గర యంత్రం ఇచ్చిన అనువాదం తప్పని చెప్పాలంటే ఆ భాష వచ్చిన మనిషే కావాలి. యంత్రం పని తగ్గిస్తుంది, ఒప్పుకుంటాను. సంతకం పెట్టేది మాత్రం మనిషే.

మరి ఆ భాష ఇంట్లోనే మాట్లాడేవాళ్లు ఉండగా కొత్తవాళ్లకి 64 వారాలు నేర్పడమెందుకు? ఇక్కడే మొదలవుతుంది అసలు కథ.

ఈ బడి పుట్టింది 1941 నవంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాత విమానాల షెడ్డులో, రహస్యంగా. 60 మంది విద్యార్థులు, దాదాపు అందరూ నిసేలు, అంటే అమెరికాలో పుట్టిన రెండో తరం జపనీయులు. తమాషా ఏమిటంటే అంతకు ముందు సైన్యంలో ఉన్న 3,700 మంది నిసేలని పరీక్షిస్తే జపనీస్ బాగా వచ్చినవాళ్లు 3 శాతమే తేలారు! (మన ఎన్నారై పిల్లల తెలుగు గుర్తొచ్చిందా? నాకూ గుర్తొచ్చింది :) ) నెల తిరగ్గానే పెర్ల్ హార్బర్. 1942లో పడమటి తీరంలోని జపాన్ సంతతి వాళ్లని, మొత్తం లక్షా ఇరవై వేల దాకా, నిర్బంధ శిబిరాలకి తరలించారు. బడి కూడా మిన్నెసోటాకి మారాల్సి వచ్చింది. కొడుకు సైన్యం కోసం జపాన్ కాగితాలు అనువదిస్తుంటే తల్లిదండ్రులు ముళ్లకంచె వెనకాల! 1944లో చేతికి చిక్కిన జపాన్ నౌకాదళ పథకం, జెడ్ ప్లాన్, అనువాదంలో పనిచేసింది కూడా నిసేలే.

సరే, అది పాత కాలం అంటారు. 2001 సెప్టెంబరు 10న దాడిని సూచించే రెండు అరబిక్ సంభాషణలు అమెరికా నిఘా సంస్థకి చిక్కాయి. అనువాదమైంది 12న. వాటిలో చోటు గానీ, లక్ష్యం గానీ లేదు కాబట్టి ముందే తెలిసినా ఆపగలిగేవారని చెప్పలేం. కానీ ఆ తర్వాత అరబిక్ వచ్చినవాళ్లని కళ్లకద్దుకోవాలి కదా? స్వలింగ సంపర్కులన్న కారణంతో ఆ తర్వాత కూడా పంపించారు. 2005 నాటి ప్రభుత్వ నివేదిక లెక్కలో అలా అంతకు ముందు పదేళ్లలో పోయిన అరబిక్ వాళ్లు 54 మంది. ఆ నిబంధన 2011లో పోయింది.

మనకి దగ్గర సంగతి మావ్ని పథకం. 2009లో మొదలైంది. గ్రీన్ కార్డు లేని స్టూడెంట్ వీసా, హెచ్‌1 వాళ్లు కూడా కావలసిన భాష వస్తే చేరొచ్చు, పౌరసత్వం త్వరగా వస్తుంది. జాబితాలో హిందీ, తమిళం కూడా ఉండేవి. పది వేల మందికి పైగా చేరారు. 2016లో తనిఖీలు బిగించారు, కొత్తవాళ్లని తీసుకోవడం ఆగిపోయింది. అప్పటికే సంతకాలు పెట్టినవాళ్లు ఏళ్ల తరబడి ఎదురు చూశారు, కొందరి వీసా గడువులు అయిపోయాయి. 2018లో కొందరిని తీసేస్తే కోర్టులకెక్కారు.

తనిఖీ వద్దని నేననను. బంధువులు వేరే దేశంలో ఉంటే వాళ్లని అడ్డం పెట్టుకుని బెదిరించొచ్చు, ఆ భయం నిజమే. కానీ ముందు సంతకం పెట్టించుకుని తర్వాత రూల్స్ మార్చడం ఏం న్యాయం? ఆఫర్ లెటర్ ఇచ్చి, పాత కంపెనీలో రిజైన్ చేయించి, రెండేళ్లయినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పెండింగ్ అంటే మనం ఊరుకుంటామా? తనిఖీకో గడువు, కాదంటే దానికో కారణం చెప్పడం అంత పెద్ద కోరికేమీ కాదు. నిసేల తర్వాత కూడా ఇది నేర్చుకోకపోవడమే నాకు మింగుడుపడదు.

ఈ మధ్య మా కొలీగ్ మేనల్లుడు ఒకడు, న్యూజెర్సీలో పుట్టినవాడు, ఇందులో చేరాలనుకుంటున్నాడు. పౌరుడే కాబట్టి మావ్నితో పనిలేదు. కానీ టాప్ సీక్రెట్ క్లియరెన్స్ ఫారంలో విదేశాల్లో ఉన్న బంధువులు, పరిచయస్తులు, చేసిన ప్రయాణాలు అన్నీ రాయాలి. గుంటూరులో ఉన్న అమ్మమ్మతో వారం వారం మాట్లాడతాడట, ఆవిడా అందులో ఒక ఎంట్రీ. విదేశంలో చుట్టాలుంటేనే తిరస్కరిస్తారని లేదు, దాస్తే మాత్రం పని చెడుతుంది. అందుకే డీల్యాబ్‌కి ప్రిపేర్ అవడం కన్నా ముందు, ఇండియాకి ఎప్పుడెప్పుడు వచ్చాడో, ఎవరెవరింట్లో ఉన్నాడో వాళ్లమ్మని అడిగి తేదీలతో సహా రాసిపెట్టుకోమన్నాను.