తనంతట తనేనా?

"అమ్మా, ప్రోటీన్ల ఆకారాలన్నీ ఏఐ తనంతట తనే కనిపెట్టేసింది, తెలుసా?" అన్నాడు మావాడు అన్నం తింటూ. ఆల్ఫాఫోల్డ్ సంగతి. దాన్ని తయారుచేసినవాళ్ళకి 2024లో నోబెల్ కూడా వచ్చింది.

తనంతట తనేనా? 1971 నుంచీ శాస్త్రవేత్తలు కళ్ళు కాయలు కాసేలా తేల్చి, ప్రోటీన్ డేటా బ్యాంకులో దాచిన లక్షపైచిలుకు ఆకారాలు చూసేగా అది నేర్చుకుంది! ఒక్క ఇన్సులిన్‌కే డొరొతీ హాడ్జ్‌కిన్‌కి 34 ఏళ్ళు పట్టింది. ముగ్గురు పిల్లల్ని పెంచుతూ, కీళ్ళవాతంతో వంకర్లు పోయిన వేళ్ళతో చేసిందావిడ. పెన్సిలిన్, బి12 ఆకారాలు తేల్చినందుకు 1964లో ఆవిడకి నోబెల్ వస్తే, అక్కడి పత్రికొకటి ఆక్స్‌ఫర్డ్ గృహిణికి నోబెల్ అని రాసింది. నేనూ గృహిణినే, నాకా మాట తిట్టు కాదు. కానీ ఆవిడ ల్యాబ్ ఏమైపోయింది? ఇప్పుడైతే అసలు మనుషులే లేరంటున్నారు!

ఇదంతా చెప్పి, "ఇంతకీ ఇవాళ పప్పు ఎవరు వండార్రా?" అన్నాను.

"కుక్కరు," అన్నాడు వెధవ.