భుజంలో చిరుగు.. కుట్టించాల్సిందేనా?

వనస్థలిపురం ఎన్జీవోస్‌ కాలనీలో మా పక్కింటాయనకు యాభై దాటాయి. కొన్నాళ్లుగా కుడి భుజం నొప్పి. రాత్రిళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేరు. ఎమ్మారై తీయిస్తే ‘లేబ్రమ్‌ చిరిగింది’ అని వచ్చింది. వారంలోపు కీహోల్‌ సర్జరీ చేయించుకోమన్నారట. ‘చిరిగినదాన్ని కుట్టించుకోకపోతే ఎలాగండీ?’ అంటూ రిపోర్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

చొక్కా అయితే ఆ మాట సబబే. భుజం సంగతి వేరు.

భుజం కీలు లోతు లేని గిన్నె లాంటిది. దాని అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీయే లేబ్రమ్‌. వయసుతోపాటు అదీ అరుగుతుంది. 45-60 ఏళ్ల వాళ్లవి, ఏ నొప్పీ లేని 53 భుజాలకు అమెరికాలో ఎమ్మారై తీసి చూస్తే సగానికి పైగా పై అంచులో చిరుగు కనిపించింది. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. మరుసటి ఏడాది వచ్చిన నార్వే అధ్యయనం ఇంకా ఆసక్తికరం. పై అంచు చిరిగిన 118 మందిలో కొందరికి దాన్ని కుట్టారు, కొందరికి అక్కడికి అతుక్కుని ఉండే కండర స్నాయువును వేరేచోట బిగించారు, మిగతావారికి కెమెరాతో చూసి ఊరుకున్నారు. రెండేళ్లయ్యాక మూడు బృందాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు!

అలాగని ఆపరేషనే వద్దనను. కబడ్డీలోనో, బండి మీంచి పడో భుజం జారిన ఇరవై ఏళ్ల కుర్రాడికి అది మళ్లీ మళ్లీ జారే ముప్పు ఎక్కువ. అక్కడ నాన్చితేనే నష్టం. సన్‌రైజర్స్‌ వికెట్‌కీపర్‌గా మనకు తెలిసిన వృద్ధిమాన్‌ సాహా 2018 ఆగస్టులో మాంచెస్టర్‌లో లేబ్రమ్‌ ఆపరేషన్‌ చేయించుకున్నాడు. ఆ చేతి మీదే అతని బతుకు. మళ్లీ టెస్టు ఆడింది 2019 అక్టోబరులో, విశాఖలో (జట్టులో చోటు దొరకడం వేరే కథ అనుకోండి).

మన ఇళ్లలో ఈ లెక్క ఎవరూ వేయరు. బిల్లు ఇన్సూరెన్స్‌ కడుతుంది. వారాలపాటు చేయి స్లింగ్‌లో పెట్టుకుని, ఆపై నెలల తరబడి ఫిజియోథెరపీకి తిరగాల్సింది మాత్రం మనమే. అందుకే సంతకం పెట్టేముందు డాక్టర్ని నిక్కచ్చిగా అడగండి: ‘ఈ నొప్పి ఈ చిరుగు వల్లేనని ఎలా తేల్చారు? మూడు నెలలు వ్యాయామాలు చేసి చూస్తే వచ్చే నష్టమేమిటి?’ పడ్డాక చేయి లేవకపోయినా, తిమ్మిరెక్కినా మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంతకీ పక్కింటాయనకు షుగర్‌ ఉంది. ఎల్బీనగర్‌లో మరో ఆర్థోపెడిక్‌ డాక్టరు రిపోర్టు పక్కనపెట్టి, ముందు చేయి పట్టుకుని తిప్పి చూశారు. తిరగలేదు. అది ఫ్రోజెన్‌ షోల్డర్‌. షుగర్‌ ఉన్నవారిలో తరచూ కనిపించేదే. ఇప్పుడు మూడో నెల. చేయి వీపు వెనక్కి ఇంకా పూర్తిగా వెళ్లడం లేదు. రాత్రి నిద్ర మాత్రం పడుతోందట. రైతుబజార్‌ సంచి ప్రస్తుతానికి ఎడమ చేత్తోనే మోస్తున్నారు.