ఎవరి ఊరు, ఎవరి పేరు మీద?

ఏన్కూరు మండలంలో మిరపకాయ ఏరే రోజులవి. మధ్యాహ్నం సద్దిమూటలు విప్పేటప్పుడు లంబాడా స్త్రీలు ఒక చెట్టు కింద, ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ స్త్రీలు మరో చెట్టు కింద కూర్చున్నారు. పొద్దున్నుంచీ పక్కపక్క సాళ్ళలో వంగి ఏరినవాళ్ళే. "వాళ్ళు మా ఊరోళ్ళు కాదు మేడమ్, మొన్నొచ్చినోళ్ళు" అందొకామె. మరి నువ్వెప్పుడొచ్చావమ్మా అంటే నవ్వింది. "నేనా? లగ్గమై వచ్చిన."

ఇరవయ్యేళ్ళు అదే తండాలో బతికిందామె. భర్త మరొకర్ని తెచ్చుకున్నాక పెద్దమనుషులు 'నీ ఊరికి నువ్వు పో' అన్నారట. పుట్టిన తండాకి పోతే అన్నదమ్ములు 'నీ ఊరు ఇదెట్లయితది' అన్నారు. ఇప్పుడు తండా చివర గుడిసె వేసుకుని ఉంటోంది. గుత్తికోయల్ని 'మొన్నొచ్చినోళ్ళు' అన్నది ఈమే. నాకు కోపం రాలేదు. ఉన్న కాస్త చోటూ జారిపోతుందన్న భయం ఆ మాటలో ఉంది.

గుత్తికోయల సంగతి ఇంకా కష్టం. బస్తర్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు వదిలి గోదావరి దిక్కుకి వచ్చినవాళ్ళు చాలామంది. అటవీహక్కుల చట్టం (2006) ప్రకారం సాగుభూమిపై హక్కు అడగాలంటే 2005 డిసెంబర్ 13కి ముందే ఆ భూమి స్వాధీనంలో ఉండాలి. తుపాకులకి భయపడి ఆ తర్వాత పారిపోయి వచ్చినవాళ్ళకి ఇక్కడ ఆ తేదీ దాటిపోయింది, అక్కడ ఊరు లేదు. గిరిజనులన్న గుర్తింపూ సరిహద్దు దాటి రాదు. ఒక రాష్ట్రపు షెడ్యూల్డు తెగ మరో రాష్ట్రంలో ఆ హోదా కోరలేదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

2022 నవంబర్‌లో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఫారెస్టు రేంజి అధికారిని చంపారు. ఆ హత్యను సమర్థించే ప్రశ్నే లేదు. ఇద్దరికి 2023లో కొత్తగూడెం కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కానీ హత్య జరిగిన కొద్దిరోజులకే బెండాలపాడు గ్రామసభ, ఎర్రబోడు గుత్తికోయలంతా ఊరు విడిచి పోవాలని తీర్మానించింది. ఇద్దరి నేరానికి గుంపంతా, చంటిపిల్లల తల్లులతో సహా, ఎందుకు పోవాలి? ఒంటరి స్త్రీని 'నీ ఊరికి పో' అన్న తీర్పుకీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడదు. చాకిరీ కావలసినంతకాలం ఊరు మనిషిని ఉంచుకుంటుంది. గొడవొస్తే పుట్టిన చోటు అడుగుతుంది.

ఇందులో నాలాంటి పరిశోధకుల పాత్ర కూడా ఉంది. ఏళ్ళ తరబడి నేను పట్టుకు తిరిగిన సర్వే ఫారంలో మొదటి గడి 'కుటుంబ యజమాని పేరు'. అడగ్గానే ఆడవాళ్ళు లోపలికి పోయి మొగుణ్ణి పిలిచేవాళ్ళు. ఎవరిది ఏ ఊరో నేనూ మగవాడి పేరు మీదే రాసుకున్నాను. (సోషియాలజీలో డాక్టరేటు ఉండి ఇది గమనించడానికి నాకు చాలా కాలం పట్టింది.)

నిజానికి చట్టం ఇంతకంటే నయంగా ఉంది. పెళ్ళయినవాళ్ళకి పట్టా ఇద్దరి పేర్లమీదా ఇవ్వాలి, ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్ళకి వాళ్ళ పేరుమీదే ఇవ్వాలి. అటవీహక్కుల గ్రామసభకు వచ్చినవాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలని 2012 నిబంధనలు చెబుతున్నాయి. ఆ మూడోవంతును రిజిస్టరులో ఫలానావాడి భార్య అని కాకుండా సొంత పేర్లతో రాయించడం మన సంఘాలు రేపే మొదలుపెట్టగల పని. ఒక మనిషిని ఊరి నుంచి పొమ్మనే ఏ తీర్మానాన్నైనా, ఆ మనిషి మాట వినకుండా, స్త్రీలు విడిగా కూర్చుని మాట్లాడుకోకుండా చెల్లదనాలి. ఆ కూర్చునే చోట మిరప చేలో వేరైన రెండు చెట్ల కిందివాళ్ళూ ఉండాలి. గుత్తికోయ స్త్రీల భాష తెలిసిన కోయ అక్కచెల్లెళ్ళు ఈ ప్రాంతంలోనే ఉన్నారు, వాళ్ళని పిలవాలి.