సౌర చిమ్నీ మన సంఘమునకు తగునా?

పట్నమునకు బోయిన రైతు సోదరులు మాదాపురమునందలి హైటెక్ సిటీ అద్దపు మేడలను జూచియే యుందురు. అచ్చటి సైబర్ టవర్స్ 1998 లో ప్రారంభింపబడినది. అద్దము వెలుగును లోనికి రానిచ్చును. వేడిమిని సులభముగా వెలుపలికి పోనీయదు. అందుచే ఆ మేడలను చల్లపరచుటకు విద్యుత్తు వ్యయమగుచున్నది. ఆ వేడిమితోనే విద్యుత్తును పుట్టింపరాదా యని కొందరు సభ్యులు మమ్మడుగుచున్నారు.

పుట్టింపవచ్చును. విశాలమైన పందిరి క్రింద గాలి వేడెక్కి, తేలికయై, నడుమనున్న ఎత్తైన చిమ్నీగుండ పైకి బోవుచు చక్రమును త్రిప్పును. స్పెయిన్ దేశమున మాన్సనారెస్ వద్ద 1982 మొదలు ఇట్టిదానిని నడిపి చూచిరి. చిమ్నీ ఎత్తు సుమారు 195 మీటర్లు. పందిరి వ్యాసము సుమారు 244 మీటర్లు, అనగా 11 ఎకరములకు పైమాట. ఇంత చేసినను దాని శక్తి 50 కిలోవాట్లు మాత్రమే. 1989 లో చిమ్నీ గాలివానకు కూలినది.

దీనికి కారణము కలదు. చిమ్నీ ఎత్తును బట్టియు, పందిరి వైశాల్యమును బట్టియు శక్తి పెరుగును. 195 మీటర్ల చిమ్నీ గాలిలోని వేడిమియందు నూటికొక పాలైనను శక్తిగా మార్పజాలదు. చిన్నది కట్టిన ఫలము లేదు. పెద్దది కట్టుట మనకు శక్యము గాదు. నాలుగైదు ఎకరములలో సౌర పలకలు పరచిన ఒక మెగావాటు వచ్చును. అనగా ఆ 11 ఎకరములలోనే 2,000 కిలోవాట్లు, నలుబది రెట్లు!

ఇక ఎండ నిలకడ మాట. మబ్బునాడును పందిరి చెదరిన వెలుగును గ్రహించును. నేల దాచుకొన్న వేడిమి ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను చక్రమును కొంత నడపును. ఇది చిమ్నీ సుగుణమే. కాని ఆషాఢ శ్రావణముల ముసురు పట్టినపుడు ఆ నిలువయు తరిగిపోవును. వైశాఖపు మధ్యాహ్నమును జూచి యంత్రపు కొలత నిర్ణయించుట, పండిన యేటి దిగుబడిని జూచి అప్పు చేయుట వంటిది. పలకలకును ఇదియే న్యాయము. విద్యుత్తును అమ్మదలచిన సంవత్సరపు మొత్తమును లెక్కింపవలెను. బావికి మోటారు పెట్టదలచిన ఏ నెలలో ఎంత నీరు కావలయునో, ఆ నెల ఎండ ఎంతయో సరిచూడవలెను.

2019 లో ఆరంభమైన కుసుమ్ పథకమున 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు కేంద్రములు నెలకొల్పుటకు సహకార సంఘములకును అవకాశము కల్పింపబడినది. ఉమ్మడి సొమ్ము వెచ్చించినచో అట్టి మార్గముననే వెచ్చింపవలెనని మా యభిప్రాయము. చిమ్నీని పూర్తిగ విడువనక్కరలేదు. పసుపు, మిరప ఆరబెట్టు గదికి నల్లరంగు పూసిన పొట్టి చిమ్నీ నమర్చిన, తడిగాలిని పైకి లాగివేయును. ఆ పనికి కొద్దిపాటి ఎండయు, కొద్దిపాటి పెట్టుబడియు చాలును. సభ్యులు రాబోవు సమావేశమున ఆలోచింతురుగాక.