దోమలకోట, బొజ్జ గవర్నరు

ఫిలడెల్ఫియా విమానాశ్రయంలో దిగే మనవాళ్లు తక్కువేం కాదు. దాని పక్కనే, డెలావేర్ నది ఒడ్డున టినికమ్ అనే చోటుంది. ఫిలడెల్ఫియా పుట్టకముందే అక్కడ ఓ స్వీడన్ గవర్నరు పదేళ్లు ఏలాడంటే నమ్ముతారా?

ఆయన పేరు యోహాన్ ప్రింట్జ్. బరువు 400 పౌన్ల పైమాటే... అంటే 180 కిలోలు! కళ్లారా చూసిన డచ్చి యాత్రికుడు డి వ్రీస్ రాసిన లెక్కది. స్థానిక లెనాపే తెగవాళ్లయితే ఆయనకు ‘పెద్ద బొజ్జ’ అని పేరే పెట్టేశారు.

1592లో పుట్టిన ఈ పాస్టరుగారబ్బాయి చదివింది మతశాస్త్రం. జర్మనీలో చదువుకుంటుంటే కిరాయి సైనికులు పట్టుకుపోయి చేతికి తుపాకి ఇచ్చారట. స్వీడన్ సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగాడు. కానీ 1640లో కెమ్నిట్జ్ పట్టణాన్ని శత్రువులకు అప్పగించి, అనుమతి లేకుండా స్టాక్‌హోం వచ్చేశాడు. ఉద్యోగం ఊడింది. చిత్రమేమిటంటే, రెండేళ్లకు అదే ప్రభుత్వం ఆయన్ని పిలిచి, అమెరికాలోని ‘న్యూ స్వీడన్’కు గవర్నరుగా పంపింది.

1643 ఫిబ్రవరిలో అక్కడ దిగాడు. టినికమ్‌లో దుంగలతో పెద్ద బంగళా కట్టుకున్నాడు. నదికి అవతల ఎల్ఫ్స్‌బోర్గ్ కోట కట్టించాడు. దోమల బాధ పడలేక సైనికులు దానికి ‘దోమలకోట’ అని పేరుపెట్టి, చివరికి వదిలేసి వచ్చారు. ఇంతకీ ఆ రాజ్యంలో జనాభా ఎంత? 1647లో పిల్లాజెల్లాతో కలిపి 183 మంది. మన దగ్గర ఓ మోస్తరు పెళ్లికి ఇంతకంటే ఎక్కువమందే వస్తారు!

మనుషుల్ని పంపండి, సరుకులు పంపండి అని స్వీడన్‌కు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు ప్రింట్జ్. 1648 తర్వాత ఒక్క ఓడా రాలేదు. 1649లో బయల్దేరిన ‘కాటన్’ ప్యూర్టోరికో దగ్గర రాళ్లకు కొట్టుకుంది. 1651లో డచ్చివాళ్లు వచ్చి పక్కనే కోట కట్టేసినా ఈయన చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది.

1653లో 22 మంది వలసదారులు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. ‘మమ్మల్ని వ్యాపారం చేసుకోనివ్వరు, మీరు మాత్రం చేసుకుంటారు. అసలు మా దేశం మమ్మల్ని వదిలేసిందా? మనుషుల్ని పంపి కనుక్కుంటాం’ అన్నది దాని సారాంశం. పదేళ్లుగా తాను స్వీడన్‌కు మొరపెట్టుకుంటున్నదీ దాదాపు ఇదే కదా! అయినా దాన్ని తిరుగుబాటన్నాడు. నాయకుడనుకున్న ఆండర్స్ యోన్సన్‌కు మరణశిక్ష వేయించాడు. ఆయన కథలో నాకు మింగుడుపడనిది ఇదొక్కటే.

కొద్దివారాలకే తానూ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాడు. ఎదురుచూసిన ఓడ 1654 మేలో వచ్చింది... అప్పటికి ఆయన స్వీడన్‌లో ఉన్నాడు! 1658లో అక్కడి యోన్‌షోపింగ్‌కు గవర్నరయ్యాడు, 1663లో పోయాడు. కూతురు ఆర్మెగాట్ మాత్రం 1655లో డచ్చివాళ్లు వలసను ఆక్రమించుకున్నాక కూడా చాలాకాలం ఆ నది ఒడ్డునే ఉండిపోయింది.